ముమ్మారు విశ్వవిద్యాలయం

మొగలిపేట విశ్వవిద్యాలయంలో గణితశాఖ వారి చివరి గదికి ఒక కిటికీ ఉంది. దానికి గడియ లేదు. గడియ బిగించమని బంగారయ్య మేష్టారు ఇంజనీరింగు విభాగానికి రాసి రాసి వేళ్ళరగదీసుకుని, ఆఖరికి తన పాత తువ్వాలు చింపి రెక్కలు కట్టేసుకున్నారు. ఆ ముడి ఒక ఆషాఢమాసపు గాలికి ఊడింది. కిటికీ భళ్ళున తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే వరండాలో ఉపకులపతి ఆచార్య శోభనాద్రి గారు పరివార సమేతంగా నడిచి వెళుతున్నారు. ఒక విశ్వవిద్యాలయం తలకిందులు కావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

లోపల బంగారయ్య గారు ఎమ్మెస్సీ పిల్లలకి కొత్త పాఠం మొదలుపెట్టారు. దాని పేరు దోష సవరణ సంకేతాల సిద్ధాంతం. ఉపగ్రహం పంపిన బొమ్మ గానీ ఫోనులో పంపిన మాట గానీ దారిలో చెడిపోతే, చెడిన చోటు పట్టుకుని తిరిగి బాగుచేసే విద్య అది. దాన్ని తన పిల్లలకి చెప్పి గానీ రిటైరు కాకూడదని ఆయన పంతం. పాఠ్య ప్రణాళికా సంఘం గుమ్మాలు అరిగేలా తిరిగి, ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగా సాధించారు. పాపం, సాధించకపోయినా బాగుండేది.

"ఒరే తవిటినాయుడూ, ఇలా చూడు," అంటున్నారాయన. "నాగావళికి ఇవతల నువ్వు. అవతల పడవవాడు. నడుమ పొగమంచు. లాంతరు ఎత్తితే 'పడవ పంపు', దించితే 'వద్దు'. నువ్వు ఎత్తావు. కొమ్మ అడ్డొచ్చి వాడికి దించినట్టు కనపడింది. ఏం చేస్తావు?"

తవిటినాయుడు లేచి నిలబడి ఆలోచించాడు. ఆలోచించడం అతనికి కొంచెం కష్టమైన పని. "ఈదుకుంటూ పోతాను సార్," అన్నాడు.

క్లాసు గొల్లుమంది. బంగారయ్య గారు కూడా నవ్వి, "నువ్వు పోగలవు గానీ, మాట ఈదలేదు కదరా. అందుకని లాంతరు మూడుసార్లు ఎత్తుతాం. వాడికి రెండుసార్లు ఎత్తినట్టు, ఒక్కసారి దించినట్టు కనపడిందనుకో, ఎక్కువ దేనికుంటే అదే నిజమని..."

"ఆగండి!" అని కిటికీలోంచి ఒక కంఠం మోగింది.

శోభనాద్రి గారు తలుపు దారిన లోపలికొచ్చారు. వెనకాల రిజిస్ట్రారు పరాంకుశం గారు, ఫొటో తీసేవాడు, మంచినీళ్ళ సీసా పట్టుకున్న అటెండరు. ఉపకులపతి గారి ముఖం మీద ఆ వెలుగు చూసి పరాంకుశం గారు ఒక అడుగు వెనక్కి వేశారు. క్రితంసారి ఆ వెలుగు వచ్చినప్పుడు క్యాంపస్ చెట్లన్నిటికీ గుర్తింపు కార్డులు కట్టించాల్సి వచ్చింది.

"ఇంతటి మహత్తర సిద్ధాంతం మన ప్రాంగణంలో ఉండి కూడా మన పరిపాలనలో లేకపోవడం మిక్కిలి శోచనీయం," అన్నారు శోభనాద్రి గారు. "ఏది చెప్పినా ముమ్మారు. ఎక్కువ దేనికుంటే అదే సత్యం. దోషరహిత విశ్వవిద్యాలయం! పరాంకుశం గారూ, దేశంలో మనమే ప్రథమం."

"అయ్యా, ఇది మొదటి మెట్టేనండి," అన్నారు బంగారయ్య గారు కంగారుగా. "దీనికో చిక్కుంది. కొమ్మ కనక రెండుసార్లు..."

ఉపకులపతి గారు అప్పటికే వరండాలో ఉన్నారు. గాలి హోరులో ఆయన పరాంకుశం గారికి చెప్పి రాయించుకుంటున్న ఉత్తర్వు మాత్రమే వినపడుతోంది.

మేష్టారు ఆ చిక్కేమిటో పిల్లలకే చెప్పుకున్నారు. "కొమ్మ రెండుసార్లు అడ్డొచ్చిందా, ఈ పద్ధతి తప్పునే ఒప్పని తేలుస్తుంది. మిగిలిన ఒక్క ఒప్పునీ తప్పని దిద్దేస్తుంది. అదీ మహా ధీమాగా. ఇంకోటి. దారిలో పడ్డ తప్పే దీనికి దొరుకుతుంది. లాంతరు పట్టుకున్నవాడే తెలివితక్కువవాడైతే ఏ సిద్ధాంతమూ ఏమీ చెయ్యలేదు."

ముందు బెంచీలోంచి నూకరత్నం చెయ్యెత్తింది. మూతపడ్డ జూట్ మిల్లు కార్మికుడి కూతురు. ప్రశ్న అడగకుండా ఆ పిల్ల ఏ పాఠాన్నీ ఇంటికి పోనివ్వదు. "ఒక్క మాటకి మూడు రెట్లు బరువు మొయ్యడమెందుకు సార్? తక్కువ కాపలాతో కుదరదా?"

మేష్టారి ప్రాణం లేచొచ్చింది. "కుదురుతుందమ్మా! నాలుగక్షరాల మాటకి మూడక్షరాల కాపలా చాలు. ఏ ఒక్కటి చెడినా ఏది చెడిందో వేలు పెట్టి చూపిస్తుంది. అక్కడే ఉంది అందమంతా."

ఆ అందం శోభనాద్రి గారి చెవిన పడలేదు. ఆయన విన్నది మొదటి సగం. మన దేశంలో పెద్ద పెద్ద సంస్కరణలన్నీ మొదటి సగం విన్నవాళ్ళే చేస్తారు.

*

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునది యేమనగా, ఇకపై విశ్వవిద్యాలయమునందు ప్రతి వాక్కు, ప్రతి లేఖ, ప్రతి కార్యము ముమ్మారు జరుపబడవలెను. మూటిలో రెంటికి పొంతన కుదిరినచో మూడవది దోషముగా పరిగణించి దిద్దబడవలెను. పొంతన కుదరనిచో మూడును దోషములే." దాన్నే మూడుసార్లు అచ్చు వేశారు, ఒకే కాగితం మీద, కింద కింద.

అక్కణ్ణుంచి చూడాలి నా సామిరంగా.

గంట మూడుసార్లు కొట్టడంతో మొదటి పీరియడో మూడో పీరియడో తెలియక పిల్లలు మధ్యాహ్నం దాకా క్యాంటీనులోనే ఉండిపోయారు. అక్కడ "ఇడ్లీ, ఇడ్లీ, ఇడ్లీ" అనాలి. ఒకడు "ఇడ్లీ, ఇడ్లీ, కొంచెం చట్నీ ఎక్కువెయ్" అన్నాడు. చట్నీ దోషమని తేలి పీకేశారు. సంగీత విభాగంలో ఒకావిడ కీర్తన మూడుసార్లు పాడి మూడోసారి భావం వచ్చి గమకం మార్చింది. ఆమెకు మెమో వెళ్ళింది, మూడు ప్రతుల్లో. చరిత్రశాఖలో ఒక యుద్ధానికి మూడు పుస్తకాల్లో మూడు సంవత్సరాలుంటే, ఆ యుద్ధాన్నే పాఠ్యప్రణాళికలోంచి తీసేశారు.

ఆడపిల్లల హాస్టలు స్నానాల గదిలో పాము కనిపించింది. వార్డెన్లు ముగ్గురూ వచ్చారు. ముందు నిలబడ్డావిడ "పాము" అంది. వెనక నిలబడ్డ ఇద్దరూ ముందావిడ భుజం మీదుగా, సగం కళ్ళు మూసుకుని చూసి, "తాడు" అన్నారు. రెండుకి ఒకటి. తాడని తేలింది. విశ్వవిద్యాలయం తాడు స్నానాల గదిలో వృథాగా పడి ఉండకూడదు కదా, స్టోరుకీపరు సంచీ పట్టుకొచ్చి దాని తోక పట్టుకున్నాడు. తాడు బుస్సుమని వేలు కరిచింది. అతను మంచం మీద కళ్ళు తెరిచి "పాము" అన్నాడు. నీరసం వల్ల ఒక్కసారే అన్నాడు గనక లెక్కలోకి రాలేదు. యూనివర్సిటీ డాక్టరు తాడుకాటుకి మందు రాశాడు. అది విషం లేని నీరుకట్టు పాము కాబట్టి మనిషి బతికాడు. ఆ బతకడం కూడా ముమ్మారు విధానం విజయాల్లో చేరింది. నమ్మకపోతే మానేయండి, మొగలిపేటలో ఇప్పటికీ ఆ స్టోరుకీపరుని "తాడు కరిచినాయన" అనే పిలుస్తారు.

ఇవన్నీ చూసి బంగారయ్య గారు తలపట్టుకున్నారు గానీ, తన క్లాసు తనకి ఉంది కదా అని సర్దుకున్నారు. ఉపకులపతి ఎంత వాడైనా లెక్కల గదిలోకి రెండోసారి రాడనుకున్నారు. రాలేదు కూడా. పరీక్ష వచ్చింది.

*

పరీక్షలో ప్రతి సమాధానమూ మూడుసార్లు రాయాలన్నారు. దిద్దేవాళ్ళకి ఒక్కటే పని. మూడూ పోల్చి చూడాలి. కలిస్తే మార్కులు, కలవకపోతే సున్నా. సమాధానం ఒప్పా తప్పా అన్నది ఆచార్యుల వ్యక్తిగత అభిప్రాయానికి సంబంధించిన విషయం కాబట్టి దాన్ని పక్కన పెట్టారు.

తవిటినాయుడు పరీక్ష ముందు రోజంతా కష్టపడి ఒక వాక్యం బట్టీ పట్టాడు. "ఎన్ని తప్పులున్నను మూడుసార్లు వ్రాసిన అన్నియు పోవును." అది శుద్ధ అబద్ధం. ఆ అబద్ధాన్ని అతను ప్రతి ప్రశ్న కిందా మూడేసిసార్లు, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క చుక్క తేడా లేకుండా రాశాడు. నూటికి నూరు. విశ్వవిద్యాలయం చరిత్రలో లెక్కల్లో నూటికి నూరు అదే మొదలు.

నూకరత్నానికి సున్నా వచ్చింది.

ఫలితాలు చూసి ఆమె మేష్టారి గదికి వచ్చింది. ఏడవలేదు. కోపంతో ముక్కు ఎర్రగా ఉంది.

"ఏం రాశావమ్మా?" అన్నారు బంగారయ్య గారు.

"పెద్ద ప్రశ్న ఉంది కదండీ. ఏ రెండు సంకేతాలు తీసుకున్నా కనీసం మూడుచోట్ల తేడా ఉంటే ఒక తప్పు దిద్దగలమని రుజువు చెయ్యమని."

"ఊఁ."

"ఒకసారి ప్రతి సంకేతం చుట్టూ గుండ్రం గీసి, ఆ గుండ్రాలు ఒకదాన్నొకటి తాకవని చూపించాను. రెండోసారి, దిద్దలేమనే అనుకుని మొదలుపెట్టి, అది పొసగదని తేల్చాను. మూడోసారి పట్టిక వేసి లెక్కగట్టాను. మూడుసార్లు రాయమన్నారు కదా, రాసిందే రాయడం సిగ్గనిపించింది సార్."

బంగారయ్య గారు ఆమె వైపు కుర్చీ జరిపారు. ముప్పయ్యేళ్ళు సుద్దముక్క పట్టినందుకు ఇలాంటి పిల్ల ఒకతె దొరికింది. ఆ పిల్లకి సున్నా తన పాఠం వల్లే వచ్చింది.

"బెంగళూరు వాళ్ళు సోమవారం రమ్మన్నారు సార్," అంది నూకరత్నం. "రీసెర్చి సీటు. పాసైనట్టు కాగితం చూపిస్తేనే చేర్చుకుంటారు. శనివారం స్నాతకోత్సవం. ఆ రోజు నా పేరు పిలవకపోతే ఇంక అంతే."

మేష్టారు తువ్వాలు భుజాన వేసుకుని ఉపకులపతి గారి గదికి బయల్దేరారు.

*

"బంగారయ్య గారూ, పరీక్ష అనగా ఏమి?" అన్నారు శోభనాద్రి గారు, కుర్చీలో వెనక్కి వాలి. "అభ్యర్థి యొక్క స్థిరచిత్తతా నిర్ధారణ. ఈ అభ్యర్థిని ఒకే ప్రశ్నకి మూడు విధములుగా మాట్లాడినది. అటువంటివారిని సమాజంలోకి పంపితే విశ్వవిద్యాలయం పరువేం కావాలి?"

"అయ్యా, దారులు మూడు. చేరిన ఊరు ఒకటే."

"నిబంధనలో దారుల ప్రసక్తి లేదు. పొంతన ప్రసక్తే ఉంది."

"ఆ తవిటినాయుడు రాసింది తప్పండి! మీరు కాదన్నా తప్పే!"

"మూడుసార్లూ ఒకేలా తప్పు రాయడం సామాన్యమా? అందులో దోషమెక్కడుంది, చూపించండి." ఉపకులపతి గారు చిరునవ్వు నవ్వారు. "అయినా మేము నిరంకుశులం కాము. త్రిసభ్య సంఘం వేస్తున్నాం. మీరూ ఒకరు."

మిగతా ఇద్దరు పట్టుపురుగుల శాఖ ఆచార్యులు, వ్యాయామ విద్యా సంచాలకులు. సంఘం ఆ సాయంత్రమే కూర్చుంది. జీడిపప్పు వచ్చింది. నూకరత్నం జవాబు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళింది.

"గుండ్రాలు గీసిందండి," అన్నారు వ్యాయామం వారు అనుమానంగా. "లెక్కల పరీక్షలో బొమ్మలేంటి? మా కబడ్డీ కోర్టులో కూడా గుండ్రాల్లేవు."

పట్టుపురుగుల వారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అమ్మాయి తెలివైనదే. కాదనను. కానీ మా పురుగుల్ని చూడండి. తరతరాలుగా ఒకటే గూడు. ఒక పురుగు ఇవాళ గుండ్రంగా, రేపు పలకలుగా అల్లితే పరిశ్రమ ఏమైపోవాలి?"

"అది పురుగు కాదండీ బాబూ, మనిషి!" అన్నారు బంగారయ్య గారు.

"అదే నేను విచారించేది," అన్నారాయన, మరో జీడిపప్పు తీసుకుని.

రెండుకి ఒకటి. రుజువు తప్పని తేలింది. అంతటితో పోతే సరే. మూడవది దోషముగా పరిగణించి దిద్దబడవలెనని ఉత్తర్వులో ఉంది కదా. ఆ మూడవది బంగారయ్య గారే. గణితంలో ఆయన్ని దిద్దడానికి నూటికి నూరు వచ్చినవాడు విశ్వవిద్యాలయంలో ఒక్కడే ఉన్నాడు.

మర్నాడు ఉదయం చివరి గదిలో నల్లబల్ల ముందు తవిటినాయుడు నిలబడ్డాడు. కొత్త చొక్కా, చేతిలో సుద్దముక్క, ముఖమంతా చెమట. వెనక బెంచీలో బంగారయ్య గారు. పక్కన నూకరత్నం.

"సార్, తమరు కూకోండి... అదే, కూకున్నారు కదా," అన్నాడు తవిటినాయుడు. "నానేటి సెయ్యను సార్. రిజిస్ట్రార్ గారు పిలిసి సెప్పినారు. నానెల్లనంటే నా నూరూ పోతాయన్నారు."

"నీ తప్పేముందిరా. కానీ."

తవిటినాయుడు గొంతు సవరించుకుని, "ఎన్ని తప్పులున్నను మూడుసార్లు వ్రాసిన అన్నియు పోవును," అని మూడుసార్లు చెప్పాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక కిటికీ వైపు చూశాడు. "అయిపోయింది సార్. ఎల్లిపోమంటారా?"

"రెండుసార్లు కొమ్మ అడ్డొస్తేనో?" అని వెనక బెంచీలోంచి నూకరత్నం అడిగింది.

"నువ్వుండే, నాకే భయంగా ఉంటే!" అన్నాడు తవిటినాయుడు.

బంగారయ్య గారు ఆ ఏడాది మొదటిసారి కడుపారా నవ్వారు. నవ్వి లేచి, ఊడిపోయిన తువ్వాలు ముక్కతో కిటికీ మళ్ళీ కట్టారు. ఆలస్యంగా కట్టారనుకోండి.

*

స్నాతకోత్సవం నాడు విశ్వవిద్యాలయం పెళ్ళివారిల్లులా ఉంది. ద్వారం పక్కన తాటిచెట్టంత ఫ్లెక్సీ. అందులో శోభనాద్రి గారు నల్లటి ఉంగరాల జుట్టుతో, కోరమీసంతో, చెయ్యెత్తి అందర్నీ దీవిస్తున్నారు. ఆ ఫొటో ఆయన పెళ్ళిచూపులకి తీయించుకున్నది. ఇప్పుడు మీసం లేదు. జుట్టు సంగతి అడగకండి.

భద్రత కూడా ముమ్మారే. ద్వారం దగ్గర ముగ్గురు కాపలావాళ్ళు. వచ్చినవాణ్ణి ముగ్గురూ చూడాలి, ఇద్దరు ఔనంటేనే లోపలికి. వారిలో ఎర్రయ్య పాతవాడు. మిగతా ఇద్దరూ ఆ పొద్దున్నే ఏజెన్సీ నుంచి దిగారు.

తప్పినవాళ్ళకీ, దిద్దుబాటులో ఉన్నవాళ్ళకీ లోపలికి ప్రవేశం లేదు. అందుకని బంగారయ్య గారూ నూకరత్నమూ గేటు బయట సిమెంటు బల్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నారు. లోపల మైకులో పేర్లు పిలవడానికి గొంతులు సవరించుకుంటున్నారు.

వీధిలో బ్యాండు మేళం అడ్డుపడి కారు ఆగిపోతే, ఉపకులపతి గారు పట్టుగౌను ఎత్తి పట్టుకుని నడిచి వచ్చారు.

"మీరెవులు బాబూ?" అన్నాడు కొత్త కాపలావాడు.

"ఏమిటీ! నేను ఉపకులపతిని!"

ఎర్రయ్య సెల్యూట్ కొట్టాడు. "వీసీ గారే. నానెరుగుదును."

కొత్తవాళ్ళిద్దరూ ఫ్లెక్సీ వైపు చూశారు. శోభనాద్రి గారి వైపు చూశారు. మళ్ళీ ఫ్లెక్సీ వైపు చూశారు.

"ఈయన కాడు," అన్నాడొకడు.

"మరే. ఆయనకి మీసముంది. ఈయనకి నెత్తే నేదు," అన్నాడు రెండోవాడు.

రెండుకి ఒకటి. "కాదని తేలింది బాబూ," అన్నాడు ఎర్రయ్య విచారంగా. "నాను దోసమైపోనాను. తమరు దూరంగా నిలబడాల."

ఉపకులపతి గారు పరాంకుశం గారికి ఫోను చేశారు. "సార్, గొంతు తమరిదిలాగే ఉంది," అన్నారు రిజిస్ట్రారు వినయంగా. "కానీ ఒకటే గొంతు కదండీ. ఇంకో రెండు గొంతులు ధ్రువీకరిస్తే తక్షణం చర్య తీసుకుంటాం." ఫోను పెట్టేశారు. ఉపకులపతి ఉత్తర్వును ఉపకులపతి కోసం కూడా మీరని మనిషి ఆయన.

శోభనాద్రి గారి చూపు అప్పుడు సిమెంటు బల్ల మీద పడింది. "బంగారయ్య గారూ! మీరు సిద్ధాంతం తెలిసినవారు. ముగ్గురిలో ఇద్దరు మూర్ఖులైతే దీనికి మార్గమేమిటి?"

మేష్టారు పొట్టు దులుపుకున్నారు. "సాక్షుల్ని పెంచాలండి. ఐదుగురుంటే ఇద్దరు తప్పినా నిజం నిలుస్తుంది."

"అయితే మీరిద్దరూ చెప్పండి! రండి!"

"నా మాట చెల్లదండి. నేను దిద్దుబాటులో ఉన్నాను. ఈ అమ్మాయి సున్నా. సున్నా వచ్చినవాళ్ళ సాక్ష్యం ఎవరు తీసుకుంటారు?"

లోపల మంగళవాద్యం మొదలైంది. శోభనాద్రి గారి నుదుటి మీద చెమట గౌను మీదికి కారుతోంది. "బంగారయ్య దిద్దబడెను! బంగారయ్య దిద్దబడెను! బంగారయ్య దిద్దబడెను!" అని అరిచారు. తర్వాత నూకరత్నం వైపు చూసి, "నూకరత్నం ఉత్తీర్ణురాలు! నూకరత్నం ఉత్తీర్ణురాలు! నూకరత్నం ఉత్తీర్ణురాలు!"

ముగ్గురు కాపలావాళ్ళూ విన్నారు. ఎర్రయ్య ఆ మాటలు వాకీటాకీలో చెప్పాడు. కొత్తవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు చెప్పారు.

"ముమ్మారూ ఒకేలా అన్నారా?" అని అవతల నుంచి పరాంకుశం గారి గొంతు.

"ఒకేలా అన్నారు బాబూ."

"ముగ్గురూ విన్నారా?"

"ఇన్నాం."

"చెప్పిందెవరు?"

"తెలవదు బాబూ. గేటు కాడ ఎవులో పెద్దాయన."

కాసేపు గరగరమంది. "ఎవరు చెప్పారన్నది నిబంధనలో లేదు. పొంతన కుదిరింది. ఆమోదించడమైనది."

బంగారయ్య గారు గేటు ముందుకొచ్చి, "ఈయన ఉపకులపతి, ఈయన ఉపకులపతి, ఈయన ఉపకులపతి," అని ముమ్మారు పొల్లు పోకుండా చెప్పారు. రెండుకి రెండు అయింది. ఇక అంతా నూకరత్నం నోట్లో ఉంది.

ఆ పిల్ల చేతుల పొట్టు దులుపుకుని, ఓణీ సర్దుకుని, నిదానంగా నిలబడింది.

"ఈయన మన ఉపకులపతి గారు," అంది ముందు. "చెట్లకి గుర్తింపు కార్డులు కట్టించింది ఈ మహానుభావుడే," అంది తర్వాత. "నాకు సున్నా వేయించిన పెద్దమనిషిని నేను మర్చిపోతానా?" అంది ఆఖర్న.

కొత్త కాపలావాడు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "మూడూ మూడు రకాలు బాబూ. పొంతన నేదు. ఈ సాచ్చికం సెల్లదు."

"అమ్మాయ్!" అని శోభనాద్రి గారు కేక పెట్టారు. "ఒకటే మాట మూడుసార్లు చెప్పవే!"

"ఎన్ని సున్నాలు పెట్టినా నాకా విద్య అబ్బలేదు సార్," అంది నూకరత్నం. మేష్టారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. అప్పుడే లోపల మైకులో ఆమె పేరు వినిపించింది. మూడుసార్లు పిలిచారు. మొదటిసారికే ఆమె గేటు దాటేసింది. పాసైనవాళ్ళని ఆపే నిబంధన లేదు.

"రెండుకి రెండు," అన్నాడు ఎర్రయ్య. "తేలనేదు బాబూ. తేలీదాకా తమరక్కడే నిలబడాల."

లోపల ముహూర్తం మించిపోతోంది. వేదిక మీద పెద్ద కుర్చీ ఖాళీగా ఉండకూడదని పరాంకుశం గారు మనుషుల్ని పంపించి, తాటిచెట్టంత ఫ్లెక్సీని గేటు పక్క నుంచి ఊడదీయించారు. శోభనాద్రి గారి కళ్ళముందే శోభనాద్రి గారిని నలుగురు మోసుకుని లోపలికి తీసుకుపోయారు. కాపలావాళ్ళు ముగ్గురూ ఏకగ్రీవంగా సెల్యూట్ కొట్టారు. కుర్చీకి కట్టిన ఫ్లెక్సీ చెయ్యెత్తి దీవిస్తుండగా సభ నిర్విఘ్నంగా నడిచింది. ఉపకులపతి గారు ఇంత క్లుప్తంగా ఎన్నడూ మాట్లాడలేదని ఊరంతా మెచ్చుకుంది.

గేటు బయట ఇద్దరే మిగిలారు. మేష్టారు జాలిపడి వేరుశెనక్కాయల పొట్లం ముందుకు జరిపారు. శోభనాద్రి గారు గౌను మడిచి సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. నాలుగు కాయలు వలుచుకున్నారు.

"ఆ రోజు కిటికీ దగ్గర మీరేదో చిక్కుందన్నారు," అన్నారు చివరికి.

"కొమ్మ రెండుసార్లు అడ్డొస్తే తప్పే ఒప్పవుతుందన్నానండి. మీరు వెళ్ళిపోయారు."

"ముందే చెప్పొద్దూ!" అని కాసేపు నమిలారు. "ఐదుగురుంటే రెండు తప్పులు దిద్దుతుందన్నారు ఇందాక."

"అన్నాను."

"ఏడుగురుంటే?"

"మూడు. కానీ అయ్యా, దానికీ ఒక చిక్కుంది. లాంతరు పట్టుకున్నవాడే గనక..."

ఆయన తలెత్తి చూసేసరికి పక్కన పొట్టు మాత్రమే ఉంది. శోభనాద్రి గారు గేటు ఊచలు పట్టుకుని, ముఖం నిండా ఆ వెలుగుతో, లోపలికి కేకేస్తున్నారు.

"పరాంకుశం గారూ! రాసుకోండి! ఏడుమార్లు! ఏడుమార్లు! ఏడుమార్లు!"